ముప్పై వేస్తే అరవై: ఒక షష్టిపూర్తి కోసం చేయించిన లక్క భరిణె

షష్టిపూర్తికి మ్యాజిక్ కావాలని ఫోన్ చేసిన అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే. "సార్, మిగతా టేబుళ్ల దగ్గర ఏం చేసినా మీ ఇష్టం. మా నాన్నగారి దగ్గర మాత్రం నాణేలతో చెయ్యాలి. ఆయన ముప్పై ఏళ్లు బ్యాంకులో క్యాషియర్‌గా చేసి ఈ నెలే రిటైరయ్యారు. ముందే చెబుతున్నా, ఆయన చేతికి తేడా నాణెం ఇస్తే చప్పుడు విని పట్టేస్తారు."

కార్యక్రమం బీచ్ రోడ్డులో ఒక హోటల్ బాంక్వెట్ హాల్లో. భోజనాలకు ముందు గుండ్రటి టేబుళ్ల మధ్య తిరుగుతూ క్లోజప్ మ్యాజిక్, అంటే చూసేవాళ్ల ఎదుటే అతి దగ్గరగా చేసే మ్యాజిక్ చెయ్యాలి. విశాఖలో ఇలాంటి పిలుపులు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. రిసెప్షన్లు, బారసాలలు, కంపెనీల ఫ్యామిలీ డేలు, ఇలా ఏదో ఒకటి. వాటిలో చాలావాటికి నా దగ్గరున్న ఐటమ్స్ సరిపోతాయి. దీనికి మాత్రం కొత్తగా ఒక ప్రాప్, అంటే మ్యాజిక్‌లో వాడే వస్తువు చేయించాను. అది ఆ రూపానికి ఎందుకు వచ్చిందో, హాల్లో ఎలా పనిచేసిందో పూర్తిగా రాస్తున్నాను. ఈ విద్య చేసేవాళ్లకు, నేర్చుకుంటున్నవాళ్లకు ఉపయోగపడాలని లోపలి నిర్మాణం కూడా దాచకుండా చెబుతున్నాను. ఐటమ్ చూసి ఆశ్చర్యపోవడమే ఇష్టమైనవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నాణేన్ని ఎందుకు కోయలేదు

నాణేల మ్యాజిక్‌లో ప్రత్యేకంగా తయారుచేసిన నాణేలు చాలా రకాలున్నాయి. అసలు నాణెం మీద తొడుగులా కూర్చునే షెల్, మడిచి సీసా మూతిలోంచి దూర్చగలిగే ఫోల్డింగ్ కాయిన్, లోపల అయస్కాంతం దాచిన నాణెం, ఒకవైపు రాగిలా ఇంకోవైపు వెండిలా కనిపించేది. వీటిలో పేరున్నవి చాలా భాగం అమెరికా హాఫ్ డాలర్ చుట్టూ పుట్టినవే. హాఫ్ డాలర్ వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, బరువు 11.34 గ్రాములు. పాత బ్రిటిష్ పెన్నీ దాదాపు 31 మిల్లీమీటర్లు. సైజు ఇంచుమించు ఒకటే, రంగు పూర్తిగా వేరు. ఈ రెండిటి పోలిక మీద ఎన్నో రాగి-వెండి ఐటమ్స్ నిలబడ్డాయి. అమెరికా చట్టంలో మోసం చేసే ఉద్దేశం లేకపోతే నాణేన్ని లేత్ మీద కోయడం నేరం కాదు. అందుకే అక్కడివాళ్లు నిజమైన నాణేలనే కోసి ప్రాప్స్ చేస్తారు.

మన దగ్గర ఆ వీలు లేదు. కాయినేజ్ యాక్ట్, 2011 లోని 12వ సెక్షన్ ప్రకారం నాణేన్ని కరిగించకూడదు, ధ్వంసం చెయ్యకూడదు. అలా పాడుచేసిన నాణేన్ని దగ్గర ఉంచుకోవడం కూడా తప్పే. శిక్ష ఏడేళ్ల జైలు వరకు ఉంది. గాజువాక ఆటోనగర్‌లో ఒక బిళ్లను అడిగిన కొలతకు తొలిచిపెట్టగల మంచి లేత్ పనివాళ్లున్నారు. కానీ ఆ పని వాళ్ల చేతిలో పెట్టడమంటే వాళ్లను కూడా ఇబ్బందుల్లోకి లాగడమే. వీడియోలు చూసి రూపాయి బిళ్లలు అరగదీసే కుర్రాళ్లకు ఈ సంగతి పెద్దవాళ్లు గట్టిగానే చెప్పాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేను మొదటి క్లాసులోనే చెబుతాను.

చట్టం సంగతి అలా ఉంచితే, విదేశీ నాణెంతో ఇంకో చిక్కుంది. హాఫ్ డాలర్‌ను మన టేబుల్ మీద పెడితే వచ్చే మొదటి ప్రశ్న "ఇదెక్కడిదండీ?" ఆ ప్రశ్న పుట్టిన తర్వాత ఎంత శుభ్రంగా చేసినా "ఆ నాణెంలోనే ఏదో ఉంది" అని సరిపెట్టుకుంటారు. పైగా ఇప్పుడు చూడబోయేది ముప్పై ఏళ్లు కౌంటర్‌లో కూర్చున్న మనిషి. ఆయన చేతివేళ్లకు తెలియని నాణెం వాడి లాభం లేదు. కాబట్టి నాణేలన్నీ అసలువే, చలామణిలో ఉన్నవే వాడాలని నిర్ణయించుకున్నాను. ఆయన గీరి చూసుకోవచ్చు, మోగించి చూసుకోవచ్చు, ఇంటికి పట్టుకెళ్లి కూడా చూసుకోవచ్చు. రహస్యం ఇంకెక్కడైనా ఉండాలి.

ఏ బిళ్లలు వాడాలి

ఫోన్‌లో డబ్బులు కొట్టడం అలవాటయ్యాక జేబులో చిల్లర ఉంచుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. "ఒక బిళ్ల ఇస్తారా" అని అడిగి మొదలుపెట్టే ఐటమ్స్ అన్నిటికీ ఇదొక దెబ్బ. ఒకవేళ ఎవరైనా ఇచ్చినా ఏ సిరీస్ నాణెం వస్తుందో తెలియదు. 2011 సిరీస్‌లో రెండు రూపాయల బిళ్ల 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయలది 23. 2019 సిరీస్‌లో ఇవి సరిగ్గా తారుమారయ్యాయి. రెండు రూపాయలది 23కు తగ్గింది, ఐదు రూపాయలది 25కు పెరిగింది. రూపాయి బిళ్ల 22 నుంచి 20కి వచ్చింది. నాణెం కొలతకు తగ్గట్టు పెట్టె చేయిస్తే, ఆ పూట చేతికొచ్చిన ఐదు రూపాయల బిళ్ల అందులో పట్టకపోవచ్చు, లేదా గలగలలాడుతూ తిరగొచ్చు.

రెండు సిరీస్‌లలోనూ కొలత మారనిది పది రూపాయల బిళ్ల. అప్పుడూ 27 మిల్లీమీటర్లే, ఇప్పుడూ 27 మిల్లీమీటర్లే. 2019లో ప్రకటించిన ఇరవై రూపాయల బిళ్ల వ్యాసం కూడా 27 మిల్లీమీటర్లే. నాకు హాఫ్ డాలర్, పెన్నీ జంట గుర్తొచ్చింది అప్పుడే. అలాంటి జంట మన చిల్లరలోనే ఉంది! పదిలో అంచు బంగారు రంగు, మధ్య భాగం వెండి రంగు. ఇరవైలో అంచు వెండి రంగు, మధ్య బంగారు రంగు. రంగులు తలకిందులు కావడంతో రెండడుగుల దూరం నుంచి కూడా మార్పు కళ్లకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇరవైకి పన్నెండు మూలలు, అంచున గీతలు ఉండవు. చూపులేనివాళ్లు తడిమి పోల్చుకోవడానికి పెట్టిన ఈ మూలలు మెజీషియన్‌కు కూడా పనికొస్తాయి. చేతిలో ఏది ఉందో చూడకుండానే వేళ్లకు తెలిసిపోతుంది. ఈ జంటతో ఇంకా ఎన్నో ఐటమ్స్ చెయ్యొచ్చని నా నమ్మకం. మనవాళ్లు ఇంతవరకు దీన్ని తగినంతగా వాడుకోలేదు.

ఇక కథ దానంతట అదే కుదిరింది. మూడు పదులు ముప్పై, అది ఆయన సర్వీసు. మూడు ఇరవైలు అరవై, అది ఆయన వయసు. ముప్పై రూపాయలు ఒక పెట్టెలో వేసి ఆయన చేతిలోనే పెడితే, తెరిచేసరికి అరవై కావాలి. షష్టిపూర్తికి ఇంతకంటే తగిన ఐటమ్ నాకు తోచలేదు.

పది రూపాయల బిళ్ల గురించి ఇంకో మాట. ఇది చెల్లదనే పుకారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. 2018 జనవరిలోనే రిజర్వ్ బ్యాంకు 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చినా, కొన్ని కిరాణా కొట్లలో, ఆటోల్లో తీసుకోరు. కాబట్టి అతిథుల దగ్గర ఆ బిళ్లలు దొరుకుతాయన్న నమ్మకం లేదు. అమ్మాయిని అడిగితే, "నాన్న దగ్గర డబ్బా నిండా ఉన్నాయి సార్, ఎవరూ తీసుకోరని ఆయనే దాచారు" అంది. ఆయన సొంత బిళ్లలతోనే చెయ్యొచ్చన్నమాట. నాకు అంతకన్నా కావాల్సింది లేదు.

భరిణె నిర్మాణం

రెండు వైపులా పట్టే మూత ఉన్న చిన్న గుండ్రటి నాణేల పెట్టె ప్రపంచమంతటా మెజీషియన్లకు తెలిసిందే. ఒకిటో పేరుతో ప్రదర్శనలిచ్చిన థియో బాంబెర్గ్ తెచ్చిన పెట్టె అది. సాధారణంగా ఇత్తడితో చేస్తారు. నేను కూడా ఏళ్లుగా వాడుతున్నాను. కానీ మెరిసే ఆ ఇత్తడి డబ్బీని పెళ్లి, పేరంటాల మధ్యలో తీస్తే అది మ్యాజిక్ సామానని చూడగానే తెలిసిపోతుంది. షష్టిపూర్తి జరిగే చోట ఎవరూ రెండోసారి తేరిపార చూడని గుండ్రటి చిన్న పెట్టె ఏమిటని ఆలోచిస్తే ఒకే జవాబు వచ్చింది, కుంకుమ భరిణె.

భరిణె అంటే మనకు ఏటికొప్పాక. విశాఖ నుంచి దాదాపు 65 కిలోమీటర్లు, వరాహ నది ఒడ్డు. 2022లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. సహజ రంగులతో ఆ కళను నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో తొలిచి, తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. కొలతకు గుండ్రంగా తొలిచే చేతులు అంత దగ్గర్లో ఉండగా నేను ఇంకెక్కడికో ఆర్డరు పెట్టాల్సిన అవసరం కనిపించలేదు.

నేను గీసుకెళ్లిన బొమ్మ ఇది. భరిణె మధ్యలో అడ్డు గోడ. పైన ఒక గది, కింద ఒక గది. ఒక్కో గది మూడు బిళ్లలు పట్టేంత లోతు, పైన కొంచెం ఖాళీ. పైన మూత ఉన్నట్టే కింద కూడా మూత ఉంటుంది, కానీ అది పీటలా కనిపించాలి. ఏ వైపు తిప్పి నిలబెట్టినా ఒకేలా ఉండాలి. కింది గదిలో ముందే మూడు ఇరవైలు ఉంటాయి. పై గదిలో అందరి ముందూ మూడు పదులు వేస్తాను. మూత పెట్టాక భరిణె ఒక్కసారి తలకిందులైతే చాలు, పని అయిపోయినట్టే.

పనివాడు, వయసులో నాకంటే చాలా పెద్దాయన, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "బుడిపె లేకపోతే భరిణెలా ఉండదు బాబూ" అన్నాడు. మూత మీద మొగ్గలాంటి బుడిపె ఆయన చేతికి అలవాటు. రెండు వైపులా ఒకేలా ఉండాలి కాబట్టి అది కుదరదన్నాను. కాసేపు ఆలోచించి, హ్యాండ్‌బ్యాగుల్లో పెట్టుకునే బల్లపరుపు భరిణెల నమూనా ఒకటి తీసి చూపించాడు. అది చాలా బాగుంది. మూత అతుకు బయటికి కనిపించకుండా ఉండే ఉపాయం కూడా ఆయనదే. ఒంటి మీద అంతటా సమాన దూరాల్లో సన్నటి గాడి గీతలు పెట్టాడు. అతుకు ఆ గీతల్లో ఒకటిగా కలిసిపోయింది. ఎరుపు, పసుపు పట్టీలు మధ్య నుంచి రెండు వైపులకూ ఒకే వరసలో వచ్చాయి. పది రూపాయల గది ఏ వైపో నాకు తెలియడానికి ఒక పట్టీలో గోటికి తగిలేంత చిన్న గుంట పెట్టించాను. ఆ గీతలు వేళ్లకు పట్టు కూడా ఇచ్చాయి. లక్క నున్నటిది, చేతికి చెమట పడితే జారుతుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో చెమటను లెక్కలోకి తీసుకోకుండా ఏ ప్రాప్ చేయించకూడదు.

అసలు పని కొలతల్లో ఉంది. బిళ్ల 27 మిల్లీమీటర్లు, గది లోపలి వ్యాసం 28 అడిగాను. "కర్ర సరిగ్గా ఆరకపోతే వానలకి మూత పట్టేస్తాది" అని పెద్దాయన హెచ్చరించాడు. ఆయన చెప్పింది నిజం. కర్ర తేమకు అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకు అడ్డంగా తక్కువ. అందుకే గుండ్రంగా తొలిచినది వర్షాకాలంలో కొంచెం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు సందు దానికోసమే. మూత బిగువు విషయంలో ఇంకా ఎక్కువ శ్రద్ధ అవసరమైంది. కిందికి తిరిగిన మూత మూడు బిళ్లల బరువు మొయ్యాలి, ఊడి పడకూడదు. అదే మూత పైకి వచ్చినప్పుడు అరవై ఏళ్ల పెద్దమనిషి రెండు వేళ్లతో తేలిగ్గా తియ్యగలగాలి. రెండు మూతలూ సమానంగా బిగిసి ఉండాలి, ఎందుకంటే ఆట మధ్యలో అవి స్థానాలు మార్చుకుంటాయి. ఇది చేతి పనితనం మీదే ఆధారపడే విషయం. కాగితం మీద కొలత రాసిస్తే వచ్చేది కాదు. ఆయన మూత పెట్టి తీస్తూ, ఉలి మొనతో దుమ్ములా రాలేంత చెక్కుతూ, చెవితో విని సరిచేశాడు.

చప్పుడు గురించి నేను చాలా ఆలోచించాను. పై గదిలోని పదులు కదిపితే మోగాలి, అప్పుడే లోపల ఉన్నాయని నమ్ముతారు. కింద దాచిన ఇరవైలు మాత్రం నోరెత్తకూడదు. తలకిందులయ్యాక ఇరవైలు మోగాలి, పదులు నోరు మూసుకోవాలి. దీనికి దొరికిన పరిష్కారం ఈ ప్రాప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మధ్య గోడకు రెండు వైపులా గట్టి లక్క పూత ఉంచాం. మూతల లోపలి వైపు మాత్రం పలచటి ఫెల్ట్ గుడ్డ అతికించాం. గది నోరు పైకి ఉన్నప్పుడు బిళ్లలు లక్క నేల మీద పడి మోగుతాయి. నోరు కిందికి ఉన్నప్పుడు ఫెల్ట్ మీద పడుకుంటాయి. భూమ్యాకర్షణే పని చేస్తుంది, మెజీషియన్ ఏమీ చెయ్యక్కర్లేదు. ఏ వైపు తిరిగినా పై గదే మాట్లాడుతుంది.

బరువు సంగతి కూడా చూసుకోవాల్సిందే, ఎందుకంటే ఎదురుగా ఉన్నది క్యాషియర్. 2019 సిరీస్ లెక్కల్లో మూడు పదులు 23.22 గ్రాములు, మూడు ఇరవైలు 25.62 గ్రాములు. భరిణెలో మొత్తం దాదాపు 49 గ్రాముల నాణేలుంటాయి. కాబట్టి ఖాళీ భరిణెను ముందుగా ఆయన చేతికి ఇవ్వకూడదు. పై గది ఖాళీగా ఉందని నా చేతిలోనే పట్టుకుని చూపిస్తే చాలు. ఖాళీ పెట్టె బరువు ఎంతో తెలియని మనిషి లోపలి నాణేల బరువు అంచనా కట్టలేడు.

ఇది కాక, అదే కర్ర ముక్కలోంచి, అదే లక్కతో, అదే రోజు ఇంకో భరిణె చేయించాను. అది మామూలుది. ఒకే గది, ఒకే మూత, గట్టి అడుగు. అడుగున కూడా అతుకు గీత లాంటి గాడి ఉంది. సహజ రంగులు ఒక్కో విడతలో ఒక్కో ఛాయలో వస్తాయి, అందుకే రెండూ ఒకేసారి చేయించడం తప్పనిసరి. ఈ జత కోసం దళసరి పట్టు గుడ్డతో, మధ్యలో అడ్డు తెర ఉన్న చిన్న సంచి కుట్టించాను. ఒక అరలో మామూలు భరిణె ముందే ఉంటుంది.

టేబుల్ దగ్గర

ఇలాంటి హాళ్లలో స్టేజీ సౌకర్యాలేవీ ఉండవు. స్పీకర్లలో పాటలు, టేబుల్ మీద శాటిన్ గుడ్డ, వెనక నిలబడి భుజాల మీంచి తొంగిచూసే బంధువులు, పక్కనే వీడియో లైటు. అన్నిటికంటే ముఖ్యం పిల్లలు. వాళ్ల కళ్లు సరిగ్గా మన మోచేతి ఎత్తులో ఉంటాయి. నిలబడిన పెద్దవాళ్లకు కనిపించని ఫింగర్ పామ్ (వేళ్ల మొదట్లో నాణేన్ని దాచే పట్టు) కింది నుంచి చూసే ఆరేళ్ల పిల్లకు స్పష్టంగా కనిపిస్తుంది. మన వీధి గారడీవాళ్లు నేల మీద కూర్చుని, చుట్టూ జనం మూగి ఉండగా చేసేవారు. అంత దగ్గరగా, అన్ని వైపుల నుంచి చూసే జనం ముందు చెయ్యడం వాళ్ల నుంచి నేర్చుకోవాల్సిన విద్య. ఈ భరిణెకు కోణాల బాధ లేదు, రహస్యం గోడ లోపల ఉంది. ఫోన్‌లో రికార్డు చేసినా తిరిగే ఆ ఒక్క క్షణమే జాగ్రత్త.

ఆ తిరుగుడు కోసం నేను పెట్టుకున్న సందర్భం చాలా మామూలుది. మెజీషియన్ ఎదుటివాళ్ల చెయ్యి చాపమని అడిగి, ఎడమ చేత్తో వాళ్ల మణికట్టు కింద ఆసరా ఇస్తాడు. అందరూ ఆ చేతిని చూస్తారు. కుడి చేతిలోని భరిణె ఆ అరచేతి వైపు వెళ్తూనే వేళ్ల మధ్య తిరుగుతుంది. పెద్ద కదలిక లోపల చిన్న కదలిక దాక్కుంటుంది.

ఆ అమ్మాయి నాన్నగారు తన బిళ్లల డబ్బా తెప్పించుకున్నారు. మూడు పదులు ఎంచి, స్కెచ్ పెన్‌తో ఒక్కోదాని మీద తన పొట్టి సంతకం పెట్టమన్నాను. ఆయన సంతకం పెట్టబోయే ముందు ఒక్కో బిళ్లనూ టేబుల్ గ్లాసు అంచుకు తగిలించి చప్పుడు విన్నారు. సొంత బిళ్లలే! అది చూసి నాకు ఎంతో ముచ్చటేసింది. ముప్పై ఏళ్ల సర్వీసుకు ముప్పై రూపాయలని చెప్పి, భరిణెలో వేయించి, మూత పెట్టి కదిపి వినిపించాను. ఆయన చెయ్యి చాపారు. భరిణె ఆయన అరచేతిలోకి చేరింది. మళ్లీ కదిపి చూసుకోమన్నాను. మోగింది. "ఉన్నాయి" అన్నారు గట్టిగా, కౌంటర్‌లో చెప్పినట్టే.

మూత ఆయనే తీశారు. చూశారు. ఒక బిళ్ల బయటికి తీసి మూలలు తడిమారు. "ఏటి బాబూ ఇది? ఇరవై కదా!" అని, మిగిలిన రెండూ అరచేతిలోకి దొర్లించుకుని, వరసగా గ్లాసుకు తగిలిస్తూ వినడం మొదలుపెట్టారు. టేబుల్ చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ ఆ గ్లాసు వైపు వంగారు. ఆయన ఏం తీర్పు చెబుతారోనని అందరి టెన్షన్ అదే.

ఈ కేసులో అందరికంటే ముందు నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. పట్టేస్తారని ఆ అమ్మాయి భయపడిన అలవాటే నాకు కావాల్సిన వ్యవధి ఇచ్చింది. ఆయన నాణేలు పరీక్షిస్తున్నంతసేపూ ఖాళీ అయిన భరిణెను ఎవరూ చూడలేదు. మూత పెట్టి, పట్టు సంచిలో పెట్టేశాను. సంచిలోనే కింది మూత బొటనవేలితో తోసి, సంతకాలున్న మూడు పదులనూ వేళ్ల మొదట్లో పట్టుకుని చెయ్యి బయటికి తీశాను. నాణెం అసలుదైతే, చూసే మనిషి దాన్ని ఎంత శ్రద్ధగా పరీక్షిస్తే మనకు అంత సమయం దొరుకుతుంది. తయారుచేసిన నాణెంతో ఇది జరగదు. దాన్ని ఎప్పుడు వెనక్కి లాక్కుందామా అని మన ధ్యాసంతా దాని మీదే ఉంటుంది.

మూడూ అసలువేనని తేల్చాక ఆయన తలెత్తి, "సరే, మరి నా ముప్పై ఏవీ?" అన్నారు. క్యాషియర్ ఈ ప్రశ్న అడగకుండా ఉండరని ముందే అనుకున్నాను. ఒక్కటి తేలకపోయినా ఆయనకు ఆ రాత్రి నిద్రపట్టదు. ఇక్కడి నుంచి భరిణె పని లేదు, చేతి పనే. మొదటి పది మనవరాలి మోచేతి వెనక దొరికింది. రెండోది తాంబూలం పళ్లెంలో తమలపాకుల కింద. ఇరవైలు మూడూ ఒకసారి ఇవ్వమని తీసుకుని లెక్కపెట్టి మళ్లీ ఆయన గుప్పిట్లో పెట్టాను. తెరిచి చూస్తే నాలుగు, నాలుగోది ఆయన సంతకం ఉన్న పది. మూడు సంతకాలూ కళ్లజోడు పెట్టుకుని పోల్చుకున్నారు. "నా ముప్పై నాకు ముట్టాయి. ఈ అరవై ఎవరి అకౌంట్‌లో రాయమంటావు బాబూ?" అన్నారు. కూతురు, "మీ పుట్టినరోజు అకౌంట్‌లో నాన్నా" అంది.

అనుకున్నట్టే ఒక బంధువు భరిణె చూపించమన్నాడు. సంచిలోంచి మామూలు భరిణె తీసి ఇచ్చాను. అది టేబులంతా తిరిగింది. అడుగు తట్టారు, మూత తిప్పారు, వాసన కూడా చూశారు. చివరికి దాన్ని అమ్మాయికే ఇచ్చేశాను, కుంకుమ పోసుకోవచ్చు.

తర్వాత మార్చినవి

ఈ భరిణెను ఆ తర్వాత మామూలు టేబుళ్ల దగ్గర కూడా వాడుతున్నాను. షష్టిపూర్తి కథ లేనిచోట ముప్పై, అరవై లెక్కకు బలం తగ్గుతుంది. ఒక్క పది వేసి ఒక్క ఇరవై తీస్తే చాలు, చూసేవాళ్లకు అదే తేలిక. అయితే గదిలో ఒక్క బిళ్లే ఉన్నప్పుడు చప్పుడు పల్చగా వస్తుంది. రెండో జతలో గది లోతు తగ్గించమని చెప్పాను. ఎత్తు తగ్గితే చిన్న చేతులవాళ్లకు కూడా తిప్పడం సులువవుతుంది. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి ఒకరు ఆ జతతోనే సాధన చేస్తోంది.

ఫెల్ట్ విషయంలో మార్పు తప్పలేదు. ఎండాకాలంలో దాని నూగు ఊడి లక్క మీద అంటుకుంటోంది. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో భరిణెను వదలకూడదు. ఫెల్ట్ బదులు ఇప్పుడు పలచటి మెత్తటి తోలు వాడుతున్నాను. చప్పుడు అంతే బాగా అణుగుతుంది, నూగు రాదు. వర్షాకాలంలో మూతలు బిగిస్తే ఉప్పుకాగితం పెట్టి గీకకండి, లక్క లేచిపోతుంది. మూత కూర్చునే అంచుకు కొంచెం తేనెమైనం రాస్తే చాలు. తేమ లాగే సిలికా జెల్ పొట్లం ఒకటి భరిణెతో పాటు మూతబిగువు డబ్బాలో పెట్టి ఉంచుతాను.

ఇరవై రూపాయల బిళ్లలు బ్యాంకులో అడిగి తెచ్చుకోవడమే మంచిది. మరీ కొత్తవి వాడకండి. తళతళలాడే ఇరవైల పక్కన వాడి మాసిన పదులుంటే, అవి మెజీషియన్ తెచ్చుకున్నవని చూసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కొన్ని వారాలు జేబులో తాళాలతో కలిపి తిప్పితే ఆ మెరుపు పోతుంది. సంతకానికి స్కెచ్ పెన్ వాడితే పని అయ్యాక స్పిరిట్ దూదితో తుడిచేయవచ్చు. ఆ పెద్దాయన మాత్రం తుడవనివ్వలేదు, మూడు పదులనూ సంతకాలతోనే డబ్బాలో వేసుకున్నారు.